రెండు జానలు తక్కువ

వద్రేని ఊరి గొప్పంతా ఒకప్పటి గొప్పే. ఒకప్పుడు ఇక్కడ తొమ్మిది దేశాల రాయబారులకి కచేరీలుండేవట. గ్రీకు వర్తకులు గోధుమలు బార్జీల్లోకి ఎత్తించేవారట. నాటకశాలలో ఇటలీ వాళ్లొచ్చి పాడేవారట. ఇప్పుడు ఉన్నవి చెప్పమంటే చెప్పడానికి పెద్దగా ఊపిరి అక్కర్లేదు. ముళ్లు ఊడిపోయిన గడియారపు మేడ ఒకటి, పావురాలు కాపరముంటున్న ధాన్యం గోదాము ఒకటి, సారాకొట్లు రెండు, నాలుగు వందల గడప, ఎదురుగా డాన్యూబ్ నది. సరుకు రేవు మూసేసి ఎనిమిదేళ్లయింది. మూసేసిన రోజున ఊళ్లో సగంమంది ఏడ్చారు, మిగతా సగంమంది మూటలు కట్టుకున్నారు.

అయినా ప్రతి మధ్యాహ్నం ఈ ఊరి పేరు దేశమంతా వినిపించేది. మధ్యాహ్నం రేడియోలో డాన్యూబ్ నీటిమట్టాలు చదువుతారు. ఎగువ నుంచి మొదలుపెట్టి ఒక్కో రేవు పేరూ, అక్కడి నీటి అంకె, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. మన రొమేనియన్‌లో ఒకసారి, రష్యన్‌లో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి. ఒల్తెనిత్సా తర్వాత, కలరష్‌కి ముందు, "వద్రేని" అనేది ఆ గొంతు. ఆ ఒక్క క్షణం కోసం సారాకొట్లో గ్లాసులు చప్పుడు చేయడం మానేసేవి. వలసపోయిన వాళ్లు ఎక్కడో రాజధానిలో లారీ తోలుకుంటూ ఆ మాట విని ముక్కు చీదుకునేవారట. నవ్వేవాళ్లు నవ్వచ్చు. ఊరికి ఇంకేం మిగలనప్పుడు పేరైనా వినిపించాలిగా.

ఆ పేరు పక్కన వచ్చే అంకె లెయొంతీనాది. యాభై తొమ్మిదేళ్ల మనిషి. పొద్దున్న ఏడింటికి రేవు గోడ మెట్లు దిగి, గోడకి బిగించిన కొలపలక మీద నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసి, నోటుపుస్తకంలో రాసుకుని, ఇంటికొచ్చి నదుల కచేరీకి ఫోన్ చేసి చెబుతుంది. ముప్ఫై ఒక్కేళ్లుగా ఇదే పని. జ్వరమొచ్చినా, మంచు మోకాళ్ల దాకా పడ్డా, తండ్రి శవం ఇంట్లో ఉన్న రోజున కూడా మానలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పొద్దున్నే ఏడింటికి రేవులో పనుంటుంది నాకు" అనేది. అది జవాబు కాదని ఆమెకీ తెలుసు, అడిగినవాళ్లకీ తెలుసు.

ఆ పని తండ్రి పందేలె నుంచి వచ్చింది. చేతికి పుస్తకం ఇస్తూ ఆయన చెప్పింది ఒకటే మాట. "పలక మీదున్నది రాయి. నీ బుర్రలో ఉన్నది రాయకు." ఆ మాటని ఆమె ప్రార్థనలాగా పట్టుకుంది. తప్పు అంకె ఒక్కటి కూడా రాయలేదు. దీని మీద ఆమెకి ఎంత గర్వమంటే, చర్చిలో పాదిరీ ఎదుట పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా ఆ సంగతి మధ్యలో ఇరికించేది.

ఇక్కడో సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. భూకంపం వచ్చిన ఏడు రేవు గోడ బురదలోకి రెండు జానలు, అంటే నలభై సెంటీమీటర్లు, కుంగింది. గోడతోపాటు పలకా కుంగింది. అందుకని నదిలో ఎన్ని నీళ్లున్నాయో దానికంటే రెండు జానలు ఎక్కువ చూపిస్తుంది ఆ పలక. పైకి చెబితే ఇంజనీర్లు దిగుతారు, గోడ పనికిరాదంటారు, రేవు మూతపడుతుంది. అప్పటి పెద్దలంతా కూడబలుక్కుని నోళ్లు కుట్టుకున్నారు. పలక చూపించిన అంకెలోంచి పడవలవాళ్లు మనసులోనే రెండు జానలు తీసేసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇక్కడికొచ్చే బార్జీలు నడిపే సరంగులూ ఈ నది మీద పుట్టిపెరిగిన వాళ్లే కాబట్టి వాళ్లూ తీసేసుకునేవారు. పెద్ద ఓడలు అవతలి ఒడ్డువైపు లోతుగా ఉన్న దారిన పోతాయి, వాటికి ఈ గొడవే లేదు. ఊళ్లో పిల్లలకి ఈత ముందొచ్చేదో ఈ తీసివేత ముందొచ్చేదో చెప్పడం కష్టం.

పందేలె మాత్రం పలక మీదున్నదే రాశాడు. కూతురూ అదే రాసింది. రెండు జానలు తీసుకోవడం పడవలవాళ్ల వ్యవహారం. ఆమె వ్యవహారం గీత చూసి రాయడం. ఈ రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు కనక ఆమెకి నిద్రకి లోటు రాలేదు.

ఆ ఏడాది వసంతంలో నదుల కచేరీ నుంచి ఉత్తరం వచ్చింది. ఓడలు ఆగని రేవుల్లో కొలతలు మానేస్తున్నారట. వద్రేనిలో కొలత డిసెంబరు ఆఖరుదాకానే. ఉత్తరం చదివి లెయొంతీనా దాన్ని మడిచి నోటుపుస్తకంలో పెట్టుకుంది. కొలత పోతే రేడియోలో పేరూ పోతుంది. తను ఉండగా, తన చేతిలో ఉండగా పోతుంది.

ఆ ఉత్తరం పట్టుకుని ఆమె మేయరు స్పిరిదోన్ దగ్గరికి వెళ్లింది. స్పిరిదోన్‌ది నలభై దాటిన వయసు, నున్నగా గీసిన గడ్డం, ఎవరితో మాట్లాడినా వాళ్ల మోచెయ్యి పట్టుకునే అలవాటు. అతను ఉత్తరం చదవను కూడా చదవలేదు.

"పిన్నీ, నువ్వు దిగులు పెట్టుకోకు. ఓడలాగని రేవు అన్నాడు కదా? ఓడొస్తోంది! సెప్టెంబర్లో. వియన్నా నుంచి విహారాలకి తిరిగే తెల్ల ఓడ. ఒక్కసారి ఆగి చూస్తామన్నారు. నచ్చితే వచ్చే ఏడు వేసవి పొడుగునా వారానికి రెండుసార్లు. అప్పుడు నీ పలకని ఎవడు ముట్టుకుంటాడు? చెప్పు?"

"నిజంగా ఆగుతుందా బాబూ?"

"నేను చెబుతున్నాగా."

అలా చెప్పేవాళ్లని నమ్మకూడదని ఆమెకి తెలుసు. కానీ నమ్మింది.

ఓడ వాళ్లు ప్రయాణికులకి పంచడానికి ఊరి గురించి రెండు పేజీలు రాసి పంపమన్నారు. బడిలో జర్మన్ చెప్పే అగ్రిపీనా పంతులమ్మ రాయడానికి కూర్చుంది. మేయరు పక్కన నిలబడి చెబుతున్నాడు. పాత సంగతులు లెయొంతీనాకి తెలుసు కాబట్టి ఆమెనీ పిలిచారు.

"రాయబారుల కచేరీలు ఎన్ని?" అంది అగ్రిపీనా.

"పదకొండు రాయి. పదకొండు వినడానికి బావుంటుంది," అన్నాడు స్పిరిదోన్.

"తొమ్మిది," అంది లెయొంతీనా.

"పిన్నీ, ఎవడు లెక్కపెట్టొచ్చాడు చెప్పు?"

"మా నాన్న. తొమ్మిది."

"సరే తల్లీ, తొమ్మిదే. అగ్రిపీనా, తొమ్మిదని రాయి. ఈవిడ ముందు ఒక్కటి కూడా పెంచలేం," అని మేయరు నవ్వాడు. అగ్రిపీనా కూడా నవ్వి, "నీకు స్వర్గంలో కూడా నీళ్లు కొలిచే పనే ఇస్తారక్కా," అంది. లెయొంతీనాకి ఆ మాట ఆ రాత్రంతా తీపిగా గుర్తుంది.

సెప్టెంబరు పన్నెండో తేదీ. ఆకాశం కడిగినట్టుంది. రేవులో చీపుళ్లు ఆడాయి, గడియారపు మేడకి సున్నం పడింది. బ్యాండువాళ్లు వచ్చారు. ఆడపిల్లలు కుట్టుపని జాకెట్లు తొడుక్కుని, అతిథులకి ఆనవాయితీగా ఇచ్చే రొట్టె, ఉప్పు పళ్లెంలో పెట్టుకుని వరుసగా నిలబడ్డారు. చేపల పులుసు పెద్ద కాగులో ఉడుకుతోంది. ఆల్‌బుఖరా పళ్ల సారా సీసాలు బల్ల కింద వరుసగా ఉన్నాయి, మగవాళ్ల కళ్లు బల్ల కిందే ఉన్నాయి.

ఎనిమిదింటికి ఓడ నుంచి మేయరు ఆఫీసుకి ఫోన్ వచ్చింది. అగ్రిపీనా ఎత్తింది. గదిలో లెయొంతీనా, మేయరు, చేపలు పట్టే ఫిలిమోన్ మామ, ఇంకా ఏడెనిమిది మంది పెద్దలు ఉన్నారు.

"కెప్టెన్ అడుగుతున్నాడక్కా, ఇవాళ నీళ్లెంత అని. నూట నలభై సెంటీమీటర్లు ఉంటే చాలట, గోడ దాకా వచ్చేస్తారట."

లెయొంతీనా పుస్తకం తెరిచింది. గొంతు సవరించుకుంది. ఇన్నేళ్లలో ఒక ఓడ కెప్టెన్ తనని నేరుగా అడగడం ఇదే మొదటిసారి.

"నూట యాభై రెండు," అంది.

అగ్రిపీనా జర్మన్‌లో ఆ అంకె చెప్పింది. గదిలో అందరూ విన్నారు. విన్న ప్రతివాడూ అలవాటుకొద్దీ మనసులో రెండు జానలు తీసేశాడు. తీసేస్తే నూట పన్నెండు. నూట పన్నెండుకి ఆ ఓడ గోడ దాకా రాదు. అది అందరికీ తెలుసు. కెప్టెన్ అన్నవాడికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు ఫిలిమోన్ మామ. ఈ పాటికి మేయరు చెప్పే ఉంటాడు అనుకున్నారు పెద్దలు. ఫిలిమోన్ మామ చెప్పే ఉంటాడు అనుకున్నాడు మేయరు. లెయొంతీనా అయితే ఏమీ అనుకోలేదు. పలక మీదున్నది చదివింది, అంతే. ఆ గదిలో పన్నెండు మంది ఉన్నారు, ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. ముప్ఫై ఏళ్లకి పైగా దాచిన సంగతి, దాచడం అలవాటైపోయి, చెప్పాల్సినప్పుడు చెప్పాలనే తోచలేదు ఎవరికీ.

పదిన్నరకి తెల్ల ఓడ మలుపు తిరిగింది. మూడంతస్తులు, అద్దాల కిటికీలు, పైన రంగు గొడుగులు. బ్యాండు మొదలైంది. లెయొంతీనాకి కళ్లు చెమర్చాయి. ఓడ మెల్లగా ఇటు తిరిగింది. గోడకి యాభై గజాల దూరంలోకి వచ్చింది. అప్పుడు దాని కడుపు కిందనుంచి ఒక చప్పుడొచ్చింది, ఇనప పెట్టెని గచ్చు మీద ఈడ్చినట్టు. ఓడ ముక్కు కాస్త పైకి లేచి ఆగిపోయింది. పై అంతస్తులో ఒక ముసలావిడ కుర్చీతో సహా జారింది. గాజు గ్లాసులు పగిలాయి. ఇసుక మేట మీద కూర్చుంది ఓడ.

బ్యాండువాళ్లకి ఆపమని ఎవరూ చెప్పలేదు. వాళ్లు వాయిస్తూనే ఉన్నారు. పావుగంట అలాగే వాయించారు.

ఒల్తెనిత్సా నుంచి లాగుడు పడవ వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. అప్పటిదాకా నూట నలభై మంది ప్రయాణికులు యాభై గజాల దూరం నుంచి ఈ చారిత్రక రేవుని తీరిగ్గా చూశారు. ఊరివాళ్లు వాళ్లని చూశారు. రొట్టె ఎండిపోయింది. పులుసు మాత్రం వృథా కాలేదు, సారా కూడా.

మూడో రోజున స్పిరిదోన్ లెయొంతీనా ఇంటికొచ్చాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు. ఈసారి మోచెయ్యి పట్టుకోలేదు.

"విచారణకి మనుషులొస్తున్నారు పిన్నీ. పలక తప్పో, చదివినవాళ్లు తప్పో తేల్చాలట."

"చదివింది తప్పు కాదు. నువ్వూ విన్నావుగా? పలక మీద నూట యాభై రెండే ఉంది."

"ఉంది. ఎవరు కాదన్నారు?" అతను నీళ్లు నమిలాడు. "పలక తప్పంటే గోడ కుంగిందని తేలుతుంది. గోడ కుంగిందంటే రేవుకి తాళమే. ఓడ కాదు కదా, నాటు పడవ కట్టడానికి కూడా ఒప్పుకోరు. అదే చదవడంలో పొరపాటు అంటే... మనిషన్నాక పొరపాటు చెయ్యడా? ఒక్క కాగితం. నూట పన్నెండుని నూట యాభై రెండని చదివాను, కళ్లు ఆనలేదు అని. ఎవరూ నిన్నేమీ అనరు. ఓడ మళ్లీ వస్తుంది."

"నా కళ్లు బాగానే ఉన్నాయి స్పిరిదోన్."

"తెలుసు."

"ముప్ఫై ఒక్కేళ్లలో నేను తప్పు అంకె రాయలేదు."

"అదీ తెలుసు పిన్నీ. ఊరందరికీ తెలుసు. అందుకే నీ మీద నిందేమీ నిలవదు."

"ఆ రోజు గదిలో పన్నెండు మందిమున్నాం. రెండు జానల సంగతి ఎవరైనా అనొచ్చుగా? నువ్వెందుకు అనలేదు?"

"నువ్వెందుకు అనలేదు?" అన్నాడు మేయరు మెల్లగా.

ఆమె కత్తి కింద పెట్టింది. ఆమె అక్కడ దొరికిందని అతను గమనించాడు, ఇక వదల్లేదు.

"నువ్వు సంతకం పెడితే పలక ఉంటుంది," అన్నాడు. "ఓడలొస్తే రేవు ఉంటుంది, రేవు ఉంటే పలక ఉంటుంది, పలక ఉంటే రేడియోలో పేరు ఉంటుంది. నీ చేతిలోనే ఉంది. ఊరి పేరు కావాలా, నీ పేరు కావాలా?"

అతను జేబులోంచి తీసి ఇచ్చిన కాగితాన్ని ఆమె రెండుసార్లు చదివింది. వచనం అగ్రిపీనాది, దస్తూరీ చూస్తే తెలుస్తోంది. "నా వయసు రీత్యా" అని ఒక మాట కూడా ఉంది. లెయొంతీనా సంతకం పెట్టింది. ముప్ఫై ఒక్కేళ్లలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది, అదీ తన మీదే. మేయరు వెళ్లాక ఉల్లిపాయల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఉల్లిపాయల వల్ల అనుకోడానికి కూడా వీల్లేనంత ఏడ్చింది.

విచారణ వాళ్లు వచ్చారు, కాగితం చూశారు, చేపల పులుసు తిన్నారు, వెళ్లిపోయారు. గోడని ఎవరూ కొలవలేదు. ఊరు ఊపిరి పీల్చుకుంది. సారాకొట్లో ఫిలిమోన్ మామ లేచి నిలబడి ఆమె పేరు మీద గ్లాసెత్తాడు. "మన లెయొంతీనా బంగారం!" అన్నాడు. బంగారాన్ని మాత్రం అప్పటినుంచి ఎవరూ నీళ్లెంత అని అడగలేదు. అడిగితే ఆమె చెబుతుంది, చెబితే తాము నమ్ముతున్నట్టవుతుంది. కళ్లు ఆననిదాన్ని నమ్మినట్టు బయటివాళ్లకి తెలిస్తే బావుండదని అందరికీ ఒకేసారి తోచింది. దాచడంలో ఈ ఊరివాళ్లకి ఒకళ్లు నేర్పక్కర్లేదు.

ఆమె మాత్రం పొద్దున్న ఏడింటికి వెళ్తూనే ఉంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. అంకె చెబుతూనే ఉంది. ఫోన్లో అవతలి గొంతు "సరే" అని పెట్టేసేది. మునుపు ఆ గొంతు వాతావరణం గురించి రెండు మాటలు అనేది.

కొత్త సంవత్సరం రెండో తేదీన మధ్యాహ్నం ఆమె రేడియో పెట్టింది. జుర్జు, ఒల్తెనిత్సా, కలరష్.

సరిగ్గా వినలేదేమో అనుకుంది. రష్యన్‌లో చదువుతారుగా, ఆగింది. ఒల్తెనిత్సా, కలరష్. ఫ్రెంచిలో కూడా వింది. ఫ్రెంచివాళ్లయినా మర్చిపోకుండా ఉంటారేమోనని ఒక పిచ్చి ఆశ. ఒల్తెనిత్సా, కలరష్. తర్వాత ఎవరో అకార్డియన్ వాయించారు.

కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా మేయరు ఆఫీసుకి పోయింది. స్పిరిదోన్ బల్ల మీద ఉత్తరం అప్పటికే వారం రోజులుగా ఉంది.

"నేనేం చెయ్యను పిన్నీ? వాళ్లే రాశారు. చూడు. 'కొలత తీసే వ్యక్తి ఆధారపడదగినవారు కాదని ఆమె స్వహస్తంతోనే తేలినందువల్ల, వద్రేని కొలతలు ఇకపై తీసుకోబడవు.' నాకేం తెలుసు ఇలా పట్టుకుంటారని?"

"పలక ఉంటుందన్నావు."

"పలక ఉందిగా! గోడకే ఉంది. ఎవడూ పీకలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. వెటకారమేమోనని వెతికింది. కాదు. అతను నిజంగానే ఊరడిస్తున్నాడు. అది ఇంకా ఘోరంగా అనిపించింది ఆమెకి.

"నేను తప్పు చదవలేదని ఇప్పుడు రాస్తాను. గోడ కుంగిందని రాస్తాను," అంది.

"రాయి," అన్నాడు మేయరు. కోపంతో కాదు, అలసటగా. "కళ్లు ఆనవని సంతకం పెట్టినావిడ గోడ కుంగిందంటే ఎవరు నమ్ముతారు పిన్నీ? ఊళ్లో ఎవడు సాక్ష్యం చెబుతాడు? ఫిలిమోన్ మామ చెబుతాడా? ఓడ మేలో మళ్లీ వస్తోంది. తెలుసా?"

ఓడ నిజంగానే మేలో వచ్చింది. ఈసారి ఫిలిమోన్ మామని ఒల్తెనిత్సాలోనే ఎక్కించుకున్నారు. కెప్టెన్ పక్కన నిలబడి రెండు జానలు తీసేసి దారి చూపించడానికి. మేటని తప్పించుకుని ఓడ గోడకి వచ్చి తాకింది, బ్యాండు మోగింది. పళ్లెం పట్టుకోడానికి పెద్దవయసు ఆడమనిషి ఒకరుంటే ఫోటోల్లో బావుంటుందని ఓడ వాళ్లు అన్నారట. స్పిరిదోన్ వచ్చి అడిగాడు. పొద్దున్న ఏడింటికి ఆమెకిప్పుడు పనేమీ లేదు. ఒప్పుకుంది.

కుట్టుపని జాకెట్టు తొడుక్కుని, రొట్టె, ఉప్పు పట్టుకుని, గోడ పక్కన నిలబడింది లెయొంతీనా. ప్రయాణికులు దిగి అగ్రిపీనా చుట్టూ మూగారు. అగ్రిపీనా జర్మన్‌లో గ్రీకు వర్తకుల గురించి చెప్పింది, కచేరీల గురించి చెప్పింది, గోడకున్న పలకని చూపించి ఇంకేదో చెప్పింది. చెబుతూ కళ్లు చికిలించి, మెడ ముందుకి సాచి, గీతలు ఆనక తడుముకునే ముసలిదానిలా నటించి చూపించింది. లెయొంతీనాకి జర్మన్ రాదు. కానీ మధ్యలో తన పేరు వినపడింది. నలభై మొహాలు ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, ముద్దుగా, మనవరాలి అల్లరికి నవ్వినట్టు.

ఒక ముసలాయన కెమెరా ఎత్తి, నవ్వమని చేత్తో సైగ చేశాడు.

మేయరు గుంపులోంచి ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె నవ్వింది. పళ్లు కనిపించేలా, ఆయన రెండు ఫోటోలు తీసుకునేదాకా నవ్వుతూనే ఉంది.